మందునకు గుర్తు పెట్టుట

జ్వరము తగిలినపుడు పారాసిటమాలు మాత్ర యొకటి మింగుదుము. కొంతసేపటికి చెమట పట్టి ఒళ్ళు చల్లబడును. ఆరు గంటలైన పిదప మరల వెచ్చబడినచో వైద్యుడు ఇంకొక మాత్ర వేసికొనుమనును. ఈ నడుమ మొదటి మాత్ర ఏమైనది? కడుపులో కరగిపోయినదని చెప్పినచో అది సగము మాటయే యగును. ఉప్పు నీటిలో కరగినను ఉప్పుగనే యుండును; నీరు ఇగిరినచో తిరిగి కంటబడును. మందు అట్లు కాదు. లోపలికి పోవునది ఒక పదార్థము, వెలుపలికి వచ్చునవి వేరు పదార్థములు. ఈ మార్పునే ఔషధ పరిణామమందురు. వైద్యులు ఇంగ్లీషు మాటనే వాడి మెటబాలిజమందురు.

ఈ మార్పులలో పెద్దపాలు కాలేయములో జరుగును. ఆ పారాసిటమాలునే తీసికొందము. మామూలు మోతాదులో దాని అధిక భాగమునకు కాలేయము గ్లూకురానిక్ ఆమ్లమునో, సల్ఫేటునో తగిలించి, నీటిలో సులువుగా కరగునట్లు చేసి, మూత్రపిండముల దారిని సాగనంపును. ఇది నిరపాయమైన దారి. నూటికి అయిదు పది పాళ్ళు మాత్రము వేరొక దారిని పోయి, ఆక్సీకరణము చెంది, మిక్కిలి చురుకైన విషముగా మారును. కాలేయములో గ్లూటాథయోను అను పదార్థము కాపలాదారువలె ఉండి, ఆ విషమును పుట్టినది పుట్టినట్లే పట్టి బయటికి నెట్టును. మోతాదు మితిమీరినపుడు కాపలా చాలదు. విషము కాలేయ కణములలోని మాంసకృత్తులనే పట్టుకొని వానిని చంపును. మేలు చేయు మాత్ర కీడు చేయుటలోని రహస్యమిదియే. కనుక ఒక మందు శరీరములో ఎన్ని దారుల చీలునో, ఏ దారిని ఎంత పోవునో, ఎంత వేగముగా పోవునో తెలియనిదే దానిని రోగి చేతికి ఇచ్చుట నిలువెత్తు చీకటిలో అడుగు వేయుటయే.

తెలిసికొనుట ఎట్లు? ఇక్కడనే చిక్కున్నది. మన రక్తములోను, మూత్రములోను వేలకొలది పదార్థములున్నవి. అవి చాలవరకు కార్బను, హైడ్రోజను, నైట్రోజను, ఆక్సిజను అను నాలుగు మూలకములతో కట్టినవే. మందును కట్టిన ఇటుకలు కూడ అవియే. రక్తములో మందు ఉండునదా, మిల్లీలీటరునకు గ్రాములో కోటియవ వంతు, కొన్ని వేళల అంతకంటెను తక్కువ. తన రూపము మార్చుకొని, తనవంటి వేలమందిలో కలిసిపోయిన ఈ అణువును గుర్తించుట ఎవరి తరము?

మన పల్లెలలో గొల్లవారు ఈ చిక్కును ఏనాడో తీర్చుకొన్నారు. నాలుగు మందలు ఒక్క బీడున మేయునపుడు ఏ గొర్రె ఎవరిదో తెలియవలెనన్న, విడుచుటకు ముందే తన గొర్రె వీపున జాజు పూసి గుర్తు పెట్టును. అటుపిమ్మట అది ఏ మందలో కలిసినను, ఏ గట్టు దాటినను పోల్చుకొనవచ్చును. మందునకును ఇట్టి గుర్తు కావలెను. అయితే ఆ గుర్తు మందు స్వభావమును మార్చరాదు. శరీరము దానిని కనిపెట్టి వేరుగా చూడరాదు. రోగికి దానివలన హాని కలుగరాదు. ఇట్టి గుర్తును ప్రకృతియే మనకు సిద్ధము చేసి ఉంచినది. దాని పేరు స్థిర ఐసోటోపు.

ఐసోటోపు అనగానే శ్రోతలలో కొందరికి అణుబాంబు తలపునకు వచ్చునని మాకు తెలియును. ఆ భయము ఇక్కడ పనిలేదు. ఒకే మూలకపు పరమాణువులన్నియు ఒకే బరువున ఉండవు. కార్బను పరమాణువులలో నూటికి 99 పాళ్ళు 12 బరువు కలవి. సుమారు ఒక పాలు మాత్రము 13 బరువు కలది. హైడ్రోజనులో సుమారు 6,400 కు ఒకటి చొప్పున రెండింతల బరువు కల డ్యుటీరియము ఉన్నది. నైట్రోజనులో 15, ఆక్సిజనులో 18 బరువు కల జాతులున్నవి. రసాయన గుణములలో ఇవి ఇంచుమించు తమ తోబుట్టువుల వంటివే. కేంద్రకములో ఒకటి రెండు న్యూట్రానులు హెచ్చు, అంతే. రేడియో ధార్మిక ఐసోటోపులవలె ఇవి పగిలి కిరణములను వెలువరింపవు. ఎన్నేండ్లయినను ఉన్నట్లే ఉండును. అరువది కిలోల మనిషి ఒంటిలో సుమారు రెండు గ్రాముల డ్యుటీరియము, నూరు గ్రాములకు మించిన కార్బను-13 పుట్టుకతోనే ఉన్నవి. అందువలననే పసిపిల్లలలోను, గర్భిణులలోను పరిశోధన చేయవలసివచ్చినపుడు శాస్త్రజ్ఞులు రేడియో ధార్మిక పదార్థములను విడిచి వీనిని కోరుదురు.

ఐసోటోపు అను పేరును 1913 లో ఫ్రెడరిక్ సాడీ వాడుకలోనికి తెచ్చెను. ఆ కాలముననే కేంబ్రిడ్జిలో జె.జె. థామ్సన్ నియాను వాయువులో 20, 22 బరువులు కల రెండు జాతులను చూచెను. ఆయన శిష్యుడైన ఆస్టన్ 1919 లో ఇట్టి జాతులను వేరుపరచు యంత్రమును నిర్మించెను. 1931 లో హెరాల్డ్ యూరీ డ్యుటీరియమును కనుగొనెను. ఇవన్నియు భౌతిక, రసాయన శాస్త్రజ్ఞుల ఇంటి సంగతులు. వీనిని ప్రాణి శరీరములోనికి తెచ్చినవాడు రూడాల్ఫ్ షోన్‌హైమర్. 1933 లో జర్మనీ విడిచి న్యూయార్కులోని కొలంబియా విశ్వవిద్యాలయమునకు చేరిన ఈ వైద్యునికి యూరీ శిష్యుడైన రిట్టెన్‌బర్గ్ తోడైనాడు. వీరు డ్యుటీరియముతో గుర్తు పెట్టిన కొవ్వును చుంచెలుకలకు తినిపించిరి. శరీరములోని కొవ్వు అటకమీది ధాన్యమువంటిదనియు, కరవు వచ్చినపుడే దించుదురనియు, రోజువారీ తిండి తిన్నది తిన్నట్లు ఖర్చగుననియు అంతకు ముందు తలచెడివారు. ఎలుకలకు చాలీచాలని తిండి పెట్టినను గుర్తు కల కొవ్వులో పెద్దపాలు ముందు అటకకే ఎక్కినది! ధాన్యము నిలువ ఉండుట లేదు. ప్రతిదినము దిగుచు ఎక్కుచునే యున్నది. 1935 లో వెలువడిన ఈ పరిశోధన శరీరమును గూర్చిన ఊహనే మార్చివేసినదని మా అభిప్రాయము. షోన్‌హైమర్ 1941 లో, 43 ఏండ్ల వయసున, అర్ధాంతరముగా పోయినాడు గాని ఆయన పద్ధతి నిలిచినది.

గుర్తు పెట్టినంత మాత్రమున చాలదు, దానిని చదువగల కన్ను కావలెను. ఆ కన్నే మాస్ స్పెక్ట్రోమీటరు. తెలుగులో ద్రవ్యరాశి మాపకమనవచ్చును. దాని పని తెలియవలెనన్న కళ్ళములోనికి పోవుదము. రైతు చేటను పైకెత్తి గాలివాటున ధాన్యమును వదలును. గట్టి గింజ కాళ్ళచెంతనే పడును. తాలు కొంత దూరమున పడును. పొట్టు ఇంకను దూరము కొట్టుకొనిపోవును. గాలి ఒక్కటే, బరువును బట్టి వంపు వేరు. ఈ యంత్రములో చేట స్థానమున శూన్యము చేసిన గొట్టమును, గాలి స్థానమున అయస్కాంత క్షేత్రమును ఊహించుకొనుడు. పరీక్షింపవలసిన పదార్థమును ఆవిరి చేసి, ఎలక్ట్రానులతో కొట్టి, విద్యుదావేశము కల్పించి పరుగెత్తింతురు. తేలిక అణువులు ఎక్కువ వంగును, బరువైనవి తక్కువ వంగును. ఏ బరువు కలవి ఎన్ని వచ్చినవో యంత్రము గీతలు గీసి చూపును. అయస్కాంతమునకు బదులు విద్యుత్ క్షేత్రములతో పనిచేయు యంత్రములును నేడు విరివిగా నున్నవి. తూర్పారబట్టుట మాత్రము తప్పదు. రక్తమువంటి కలగూరగంపను ఒక్కమారుగా ఇందులో పోసినచో ఏమియు తెలియదు గనుక, ముందు వాయు వర్ణలేఖనముచేతనో, ద్రవ వర్ణలేఖనముచేతనో పదార్థములను వరుసగా విడదీసి ఒక్కొక్కటిగా లోనికి పంపుదురు. 1968 లో స్వీడనులో హామర్, హోమ్‌స్టెడ్, రీహాగె అను మువ్వురు ఈ విధముగనే మానసిక వ్యాధులకు వాడు క్లోర్‌ప్రోమజీను అను మందును, దానినుండి పుట్టిన పదార్థములను మనిషి రక్తములో గుర్తించిరి. ఆవిరి కాని అణువులను సైతము తుంపరగా చిమ్మి యంత్రములోనికి పంపు ఉపాయమునకు గాను జాన్ ఫెన్‌కు 2002 లో నోబెల్ బహుమతిలో భాగము లభించినది.

ఇప్పుడు గుర్తును, కంటిని జతపరచి చూతము. పారాసిటమాలు అణువు బరువు 151. అందులోని మూడు హైడ్రోజనులకు బదులు మూడు డ్యుటీరియములను ఉంచినచో 154 అగును. ఈ రెండింటిని సరిసమానముగా కలిపి ఇచ్చినారనుకొనుడు. యంత్రపు కాగితముమీద 151 వద్ద ఒక గీత, 154 వద్ద దానికి సమానమైన ఎత్తున మరొక గీత పడును. అవి కవలలు. కాలేయము సల్ఫేటు తగిలించినచో కవలలు 231, 234 వద్దకు పోవును. గ్లూకురానిక్ ఆమ్లము తగిలించినచో 327, 330 వద్ద కనబడును. ఇందాక చెప్పిన విషమును గ్లూటాథయోను పట్టుకొన్నచో 456, 459 వద్ద తేలును. శరీరపు సొంత పదార్థములకు ఇట్టి కవలలు ఉండరు. కనుక వేల గీతల అడవిలో మూడు ఎడముగా, సరియెత్తున నిలిచిన జంటలను వెదకిన చాలును. అవన్నియు ఆ మాత్ర సంతానమే. ఎన్నడును చూచి ఎరుగని క్రొత్త పదార్థమైనను జంటగా వచ్చినదా, పట్టుబడినట్లే. ఇంతకంటె సొగసైన ఉపాయము రసాయన శాస్త్రములో అరుదని చెప్పుటకు మాకు సంకోచము లేదు.

అయినను జాజు వానకు కడిగిపోవచ్చును గదా! గుర్తును ఎక్కడ పెట్టుదుమన్నది తెలివితో తేల్చుకొనవలెను. పారాసిటమాలులో ఆ మూడు డ్యుటీరియములను అసిటైలు అను కొసమీద పెట్టినారనుకొందము. ఎలుకలలో కొన్ని అణువులనుండి శరీరము ఆ కొసను ఊడబెరికి, తనవద్దనున్న మరొక అసిటైలును తగిలించును. అణువు మరల పారాసిటమాలే, గుర్తు మాత్రము లేదు. అట్లే ఆమ్లజని, నత్రజనులకు అంటుకొనియున్న డ్యుటీరియము నీటిలో వేసినంతనే జారిపోవును. గట్టిగా నిలువవలెనన్న అణువు వెన్నెముకలోనే కార్బను-13 ను పొదగవలెను. ఖర్చు హెచ్చు, పని నమ్మకము. ఒకటే గుర్తు పెట్టుటయు చాలదు. మామూలు కార్బనులోనే నూటికొకటి 13 బరువు కలదని చెప్పితిమి గదా. పదిహేను కార్బనులున్న అణువులలో, గుర్తు లేని ప్రతి నూటికి పదహారు దాక సహజముగనే ఒక బరువు హెచ్చుగా ఉండును. అందుచే సహజమైన బరువుతో పొరపడకుండ మూడు నాలుగు గుర్తులు పెట్టుదురు.

డ్యుటీరియమునకు మరియొక పేచీ ఉన్నది. కార్బనుతో దాని బంధము మామూలు హైడ్రోజను బంధముకంటె గట్టిది. కాలేయము తెంపవలసిన చోటనే దానిని ఉంచినచో తెగుట నెమ్మదించును. గుర్తు పెట్టిన గొర్రె కుంటినడక నడచినట్లగును. 1961 లోనే మార్ఫీనులో ఈ సంగతి బయటపడినది. పరిశోధకులకు చిరకాలము తలనొప్పి తెచ్చిన ఈ గుణమునే తరువాతివారు లాభముగా మలచుకొన్నారు. టెట్రబెనజీను అను మందులో కాలేయము కొరుకు చోట్ల ఆరు డ్యుటీరియములను ఉంచగా, అది శరీరములో ఎక్కువసేపు నిలిచినది. హంటింగ్టన్ వ్యాధిలోని అసంకల్పిత చలనములకు ఈ మందును 2017 లో అమెరికాలో అనుమతించిరి. డ్యుటీరియము గుర్తుగా కాక మందులో భాగముగా చేరి అనుమతి పొందుట అదియే మొదలు.

ఆక్సిజను-18 చేసిన ఉపకారమును రెండు మాటలలో చెప్పి ముందుకు పోవుదము. శరీరము ఒక పదార్థమునకు ఆక్సిజనును చేర్చినపుడు అది నీటినుండియే వచ్చునని చాలమంది నమ్మిరి. 1955 లో ఒసాము హయాయిషి, హోవర్డ్ మేసన్ అను ఇద్దరు విడివిడిగా ఆక్సిజను-18 ను వాయురూపమున వాడి, కొన్ని ఎంజైములు గాలిలోని ఆక్సిజనునే నేరుగా అణువులో పొదుగునని నిరూపించిరి. కాలేయములో మందులను మార్చు సైటోక్రోము పి-450 అను ఎంజైముల కుటుంబము చేయు పని ఇదియే. మనము పీల్చిన గాలి మనము మింగిన మాత్రలో చేరుచున్నదన్నమాట.

ఈ విద్య రోగి మంచముచెంతకు వచ్చిన తీరు ఇక చెప్పవలెను. మూర్ఛవ్యాధి కల పిల్లలకు కార్బమజెపీను అను మందు ఇత్తురు. మొదట కొన్ని దినములు మూర్ఛలు అదుపులో ఉండును. మూడు నాలుగు వారములు గడచునప్పటికి, మోతాదు మార్చకున్నను, కొందరు పిల్లలలో రక్తములోని మందు పాలు తగ్గిపోవును; మూర్ఛలు తిరిగి రావచ్చును. తల్లి వేళ తప్పక మాత్ర ఇచ్చుచునే యుండును. పిల్లవాడు ఉమిసినాడేమోనని తండ్రి అనుమానించును. మందు మంచిది కాదేమోనని ఇరుగుపొరుగు అందురు. తప్పు వారెవరిదియు కాదు. ఈ మందు తన్ను తాను ఖర్చుచేయు ఎంజైములను తానే పెంపు చేయును. తొలుత దానిలో సగము ఖర్చగుటకు ఒకటిన్నర దినము పట్టును. కొంతకాలమైన పిదప పూటకంటె కొంచెము హెచ్చు చాలును.

అనుమానము కలిగినంతనే సరిపోదు, కొలిచి చూపవలెను. మందు ఎంత వేగముగా ఖర్చగుచున్నదో కొలువవలెనన్న మామూలుగా మందు నిలిపి, రక్తములో అది తగ్గు తీరును చూడవలెను. మూర్ఛలు వచ్చు పిల్లవానికి మందు నిలుపుటెట్లు? నిలిపిన నాడే ప్రమాదము. 1980 లో ప్రకటించిన పరిశోధనలో స్వీడనుకు చెందిన బెర్టిల్సన్, ఆయన సహచరులు ఈ ముడిని స్థిర ఐసోటోపుతో విప్పిరి. కార్బమజెపీను అణువు బరువు 236. నాలుగు డ్యుటీరియములతో గుర్తు పెట్టినది 240. కొద్దిమంది పిల్లలకు రోజువారీ మందు ఆపకుండగనే, మధ్య మధ్య గుర్తు పెట్టిన మోతాదు నొకదానిని ఇచ్చిరి. తరువాత తీసిన రక్తపు బొట్లలో 236 ను ప్రక్కన పెట్టి 240 ఒక్కదానినే వెంబడించిరి. పిల్లవాడు మందు నీడననే ఉన్నాడు; ఆ నీడలోనే ఒక మోతాదు పుట్టి, పెరిగి, తరుగుట వారికి స్పష్టముగా కనబడినది. తొలి కొన్ని వారములలో శరీరము మందును తొలగించు శక్తి సుమారు రెట్టింపై, ఆ పిమ్మట నిలకడ చెందినది. ఈ మందును కొద్ది మోతాదుతో మొదలుపెట్టి వైద్యుడు క్రమముగా పెంచుటలోను, నడుమ రక్తపరీక్ష కోరుటలోను గల కారణములలో ఇది యొకటి. మందు పనిచేయుట లేదని తోచినపుడు తల్లిదండ్రులు తామై మాత్ర మానిపించుటగాని, హెచ్చించుటగాని తగదని మాత్రము ఈ సందర్భమున చెప్పక తప్పదు.

ఇట్టిదే ఇంకొక ఉపాయము. మింగిన మాత్రలో ఎంతపాలు నిజముగా రక్తములో చేరునో తెలియవలెనన్న, ఒకనాడు మాత్రగాను, మరొకనాడు సూదిమందుగాను ఇచ్చి పోల్చెడివారు. కాని మనిషి రెండునాళ్ళును ఒక్కతీరున ఉండడు. తిన్నది వేరు, నిద్ర వేరు. 1975 లో అమెరికాలో స్ట్రాంగ్, అట్కిన్సన్ మున్నగువారు గుండె లయకు సంబంధించిన ఒక మందును మాత్రగా మింగించుచు, కార్బను-13 గుర్తు కల అదే మందును అదే సమయమున నరములోనికి ఎక్కించిరి. ఒకే మనిషి, ఒకే దినము, ఒకే కాలేయము. మింగినదెంత, ఎక్కించినదెంత అన్నది యంత్రము బరువును బట్టి విడదీసి చెప్పినది.

ఈ పనులన్నియు దూరదేశముల ముచ్చట్లని తలపనక్కరలేదు. హైదరాబాదు పరిసరములలోని మందుల కంపెనీలకు ఇది నిత్యకృత్యము. ఒక కంపెనీ మందును వేరొక కంపెనీ తయారుచేసినపుడు రెండును రక్తములో సమానముగా చేరుచున్నవని నిరూపింపవలెను. అందుకు రక్తపు నమూనాలో మొదటనే, తెలిసిన పరిమాణమున, గుర్తు పెట్టిన మందును కలుపుదురు. వడకట్టుటలో కొంత, ఆరబెట్టుటలో కొంత పోయినను గుర్తు కలదియు లేనిదియు సమపాళ్ళలోనే పోవును గనుక వాని నిష్పత్తి చెక్కుచెదరదు. నూరు పాళ్ళు కలిపినచోట జంటగీతలు రెండింటికి ఒకటి చొప్పున కనబడినచో రక్తములోని మందు యాబది పాళ్ళని లెక్క. పాలకుండ ఒలికినను మిగిలిన గరిటెడు పాలలో నీటిపాలు ఎంతో తెలిసినట్లే ఇదియును. డ్యుటీరియమునకు మూలమైన భారజలమును తీయు కర్మాగారము తెలంగాణములోనే, గోదావరి చెంత మణుగూరు వద్ద, 1991 నుండి పనిచేయుచున్నది. దాని ముఖ్యోద్దేశము అణువిద్యుత్ కేంద్రములకు భారజలము సరఫరా చేయుట.

స్థిర ఐసోటోపును సామాన్యులు నేరుగా ఎదుర్కొను సందర్భమొకటి ఉన్నది. కడుపులో పుండ్లకు కారణమగు హెలికోబాక్టర్ పైలోరి అను సూక్ష్మజీవి యూరియాను విడగొట్టగలదు. మన కణములకు ఆ శక్తి లేదు. కార్బను-13 గుర్తు కల యూరియాను రోగిచే త్రాగించి, ముందొకమారు, అరగంట పిదప ఒకమారు సంచిలోనికి ఊపిరి ఊదింతురు. సూక్ష్మజీవి ఉన్నచో యూరియా విరిగి, గుర్తు కల కార్బను బొగ్గుపులుసు వాయువుగా ఊపిరిలో వచ్చును. గొట్టము మింగనక్కరలేదు, రక్తము తీయనక్కరలేదు, పిల్లలకును చేయవచ్చును. 1987 లో ఈ పరీక్షను గూర్చి తొలి ప్రకటన వెలువడినది. నేడు మన నగరములలోని ఆసుపత్రులలోను ఊపిరి పరీక్ష జరుగుచున్నది. కొన్నిచోట్ల ఇందుకు రేడియో ధార్మికమైన కార్బను-14 ను వాడుదురు. దాని మోతాదు మిక్కిలి స్వల్పమేయైనను, పిల్లల విషయమునను గర్భిణుల విషయమునను ఏ కార్బను వాడుదురో ముందే అడిగి తెలిసికొనుట మేలు. పరీక్షకు పరగడుపున పోవలెను. కడుపులో ఆమ్లమును తగ్గించు ఓమెప్రజోలు వంటి మాత్రలను రెండు వారముల ముందునుండి, యాంటీబయోటిక్ మందులను నాలుగు వారముల ముందునుండి వైద్యుని అనుమతితో ఆపియుండవలెను. లేనిచో సూక్ష్మజీవి ఉండియు లేనట్లు ఫలితము రావచ్చును.